వంకర కుట్టు

మాకు జనవరి నడివేసవి.
నది ఒడ్డున మాంసం ఫ్యాక్టరీ ఊరి నుంచి
రోచా సముద్రం దాకా, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా బస్సు.
ఉరుగ్వే చిన్న దేశం అంటారు గాని
పిల్లల్ని వెంటేసుకుని తిరిగినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

ఏటా అదే అద్దె ఇల్లు, రేకుల కప్పు,
ఎత్తిపట్టి మూస్తేగాని మూసుకోని తలుపు.
సాయంత్రం ఇసుక కాళ్ళతో వరండాలో చేరితే
అన్సెల్మో తాత సొరబుర్రలో మాతే ఆకు నింపి
వేడినీళ్ళు పోసి, తొలి చేదు తనే మింగి,
మళ్ళీ నింపి ఒక్కొక్కరికీ అందిస్తాడు.
అందరికీ ఒకటే బుర్ర, ఒకటే వెండి గొట్టం.
అది ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది.
అలాగని రూలేం లేదు,
ఉన్నా మా ఇంట్లో ఎవరూ పాటించరు.

వాషింగ్టన్ మామయ్య
(పేరుకే వాషింగ్టన్, మా నది దాటి ఎరగడు)
టెంటు గాలికి లేచి పోలీస్ స్టేషన్ మీద పడ్డ ఏడు గురించి చెప్తాడు.
"టెంటు కాదు, దుప్పటి. స్టేషన్ కాదు, గుర్రాలపాక"
అంటుంది ఇర్మా పిన్ని.
ఆ కథలో గాలి మాత్రం ఏటేటా ముదురుతోంది.

తర్వాత తాత వంతు. అంటే ఒఫేలియా.
ఆ పేరెత్తగానే ఆయన వెన్ను నిటారవుతుంది.
"మైకు లేదు. గేటు దగ్గర ఉప్పు పీపా ఎక్కింది.
కత్తుల షెడ్డు ఆడవాళ్ళకి మగవాళ్ళ కూలి ఇచ్చేదాకా
ఆ గొట్టంలో పొగ లేవదంది.
లేవలేదు. తొంభై రోజులు!
ఇదిగో, ఈ బుర్రలోనే తాగింది."
"అది నా పెళ్ళయ్యాక నేను కొన్నది, నాన్నా."
తాతకి వినపడలేదు. లేక వినలేదు.

గస్తోన్ ఈమధ్యే యూనివర్సిటీలో చేరాడు,
మనుషుల్ని పీపాల మీద నిలబెట్టి చూడకూడదట.
"సరే తాతా, ఆ తొంభై రోజులూ మీరేం తిన్నారు?"

ఏటా సరిగ్గా ఈ చోటికి వచ్చేసరికి
ఆరేసిన బట్టలు చూసొస్తానని లేచేది అమ్మమ్మ నేలిదా.
ఈ ఏడు మోకాలు లేవనివ్వలేదు.

"కుట్టుమిషను తిన్నాం" అంది.

సముద్రం ఒకసారి వచ్చి వెళ్ళింది.

"అమ్మేసిన మర్నాడు వెళ్ళి అడిగాను ఆవిడని.
నీ పేరు రేపు ఏ వీధికో పెడతారు,
నా మిషను పేరు దేనికి పెడతారమ్మా, అని.
నోరు మెదపలేదు.
మంగళవారం వచ్చింది, తన సూది తనే తెచ్చుకుని.
గుమ్మంలో కూర్చుని నాతోపాటు
బడిపిల్లల తెల్లకోట్లకి అంచులు కుట్టింది.
అబ్బ, ఏం కుట్టు! తాగినవాడి నడక.
అంత ఊరిని కదిలించిన నోరు,
సూదిలో దారం ఎక్కించలేని వేళ్ళు.
ఆవిడ వెళ్ళాక దీపం ముందేసుకుని
కుట్టిందంతా విప్పి మళ్ళీ కుట్టేదాన్ని.
పదకొండు రోజులు వచ్చింది.
పదకొండు రాత్రులు విప్పాను.
చెప్పలేదు."

"గెలిచాం కదా" అన్నాడు తాత, చిన్న గొంతుతో.
"గెలిచాం. మిషను రాలేదు."

ఆ వీధి ఉంది మా ఊళ్ళో.
రెండు మలుపులు, ఒక టైర్ల కొట్టు,
పలకలో పేరు చివరి అక్షరం తుప్పు తింది.
దాంట్లోంచే నేను బడికి వెళ్ళొచ్చాను,
ఎవరి కుట్టు వేసుకున్నానో తెలీకుండా.

కింద పరిచిన నీలిచారల గుడ్డ చూశాను.
మూడంచులు తిన్నగా ఉన్నాయి,
నాలుగోది తూలుతోంది.
చిన్నప్పుడు ఆ మడతల్లోంచి ఇసుక గీకడం నా పని.
నేను చూడటం అమ్మమ్మ చూసింది.
"విప్పే ఓపిక లేకపోయిందిలే ఆ రోజు" అంది.

బుర్ర ఆమె చేతికి వచ్చింది.
తిరిగిచ్చేటప్పుడు 'గ్రాసియాస్' అన్నామంటే
ఇక చాలు, నాకు పోయొద్దు అని మా దగ్గర అర్థం.
గొట్టం గురగురమనేదాకా తాగింది,
మూతి తుడుచుకుంది,
చెయ్యి చాచి బుర్ర ఇచ్చింది.
ఆ మాట అనలేదు.

తాత ఫ్లాస్కు వంచాడు.